చేపలకి కొన్న నీళ్ళు

మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యాక మా మావయ్య గొంతు సవరించుకుంటాడు. "ఇదిగో, ఇదుందే, బీయస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాసు! జూబ్లీ హిల్స్‌లో మా ప్రొడ్యూసర్ గారి చేపల్ని బతికుండగానే ఊరగాయ పెట్టేసింది" అంటాడు. అందరూ పగలబడి నవ్వుతారు. ముప్ఫై ఏళ్ళుగా అదే కథ, అదే నవ్వు. మొన్న మా కొత్త అల్లుడు కూడా నవ్వాడు. దాంతో నా ఓపిక అయిపోయింది. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను: ఒక్క చేప కూడా చావలేదు. నేను చిటికెడు ఉప్పు కూడా వెయ్యలేదు. ఆ కథ పచ్చి అబద్ధం. (ఆ అబద్ధాన్ని మొదట చెప్పింది నేనేనన్నది వేరే సంగతి. దానికే వస్తున్నాను.)

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, డబ్బిచ్చి నీళ్ళు కొనడమంటే మా వెంగళరావు నగర్‌లో వింత. రోజు విడిచి రోజు వచ్చే నల్లా దగ్గర బిందె బిందెకీ పోట్లాడుకునేవాళ్ళం (నేను వచ్చానంటే మిగతావాళ్ళు పోట్లాట మానేసేవారు, అంత మంచి పేరుండేది నాకు). డిస్టిల్డ్ వాటర్ అంటే కారు బ్యాటరీలో పోసేదని మాత్రమే అందరికీ తెలుసు. అలాంటి రోజుల్లో ఒకాయన దాన్ని క్యాన్లకి క్యాన్లు కొని చేపల తొట్టిలో పోయిస్తున్నాడని మావయ్య చెబితే నమ్మలేదు. మావయ్య ఫిల్మ్ నగర్‌లో ఆయన కంపెనీకి ప్రొడక్షన్ మేనేజరు. "ఎమ్మెస్సీ చదువుతానంటే నాకభ్యంతరం లేదు, ఫీజు మాత్రం నువ్వే సంపాదించుకో" అని నాన్న అన్న మర్నాడే మావయ్య నన్ను ఆయన ముందు నిలబెట్టి, "మా మేనకోడలండీ, నీళ్ళని చూస్తే చాలు, జాతకం చెప్పేస్తుంది" అన్నాడు. ఆయన నన్నొక ప్రశ్న అడిగారు, నేను ఆయన్ని నాలుగడిగాను. ఉద్యోగం వచ్చేసింది.

జూబ్లీ హిల్స్‌లో ఆయన ఇంటి హాల్లో గోడ పొడుగునా గాజుతొట్టి. అందులో ఏడు చేపలు, పువ్వుల్లా విచ్చుకుని ఊగే పగడాలు. బొంబాయి నుంచి వచ్చి దాన్ని అమర్చినాయన మూడు రోజులు నాకు పాఠం చెప్పి వెళ్ళాడు. పగడాలు రాళ్ళు కావు, ప్రాణులు. మన బోరు నీళ్ళలోని సున్నమూ, నల్లా నీళ్ళలోని క్లోరినూ వాటికి పడవు. తొట్టిలో నీళ్ళు రోజూ ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అందులోనే ఉండిపోతుంది. కాబట్టి తగ్గినంతమేరా శుద్ధమైన నీళ్ళే పొయ్యాలి, ఉప్పు జోలికి పోకూడదు. ఆ నీళ్ళు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి, వారానికి మూడు క్యాన్లు. ఒక్క క్యాను ధరకి మా ఇంట్లో వారం రోజుల పాలొచ్చేవి. వాటిని కార్లో వేసుకొచ్చే డ్రైవర్‌ని అందరూ పైల్వాన్ అనేవారు. "ఏంది మేడం గిది? మా బస్తీల నల్లా రాక మూడు దినాలాయె. గీ చాపలకేమో కారుల నీళ్ళు! వచ్చే జన్మల నేను చాపనై పుడ్త" అనేవాడు. "పుట్టు, నీకూ నేనే నీళ్ళు పోస్తాలే" అనేదాన్ని.

మూడు నెలలు బాగానే గడిచింది. నాలుగో నెల నుంచి పగడాలు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఉప్పు కొలిచే హైడ్రోమీటర్ నీళ్ళలో వదిలితే, ఉండాల్సిన గీత దాటి పైకి తేలేది, అంటే ఉప్పు ఎక్కువైందన్నమాట. కొంత ఉప్పునీరు తోడేసి, శుద్ధమైన నీళ్ళు పోసి దారికి తెచ్చేదాన్ని. శనివారం సాయంత్రం బుద్ధిగా ఉన్నది సోమవారం పొద్దున్నకి మళ్ళీ పైకి! వారానికి మూడు క్యాన్లు కాస్తా ఆరయ్యాయి, తర్వాత తొమ్మిది. ప్రతిసారీ సోమవారమే ఎందుకవుతోందని ఆ ఫస్ట్ క్లాసు బుర్రకి తట్టలేదు, ఎందుకంటే అది పోట్లాటలో తీరిక లేకుండా ఉంది. బాలానగర్ వెళ్ళి ఆ ఫ్యాక్టరీ ఆయనతో, "మీరు సముద్రం నీళ్ళు పట్టి అమ్ముతున్నారు" అని దెబ్బలాడాను. ఆయన గ్లాసుడు నీళ్ళు వంచుకుని నా ఎదురుగా గటగటా తాగేసి, "ఇప్పుడు చెప్పమ్మా, ఉప్పగా ఉన్నది నీళ్ళా, నీ నోరా?" అన్నాడు.

ఇక్కడ ఆఫీసులో గుసగుసలు బయల్దేరాయి. ట్యాంకర్ నీళ్ళు పోసి, క్యాన్ల డబ్బు ఆ పిల్ల నొక్కేస్తోందన్నారు. వరసగా రెండు సినిమాలు పోయి ఉన్న ప్రొడ్యూసర్ గారు నన్ను పిలిచి, "చూడమ్మా, హీరోయిన్ గారి ఖర్చైనా భరించగలను గానీ, ఈ నీళ్ళ ఖర్చు నావల్ల కాదు. సోమవారానికల్లా ఏమిటో తేల్చు. లేకపోతే వేరే ఉద్యోగం చూసుకో" అన్నారు. ఎమ్మెస్సీ సంగతి దేవుడెరుగు, దొంగ అన్న పేరుతో మావయ్య మొహం ఎలా చూడను? ఆదివారం నాకు సెలవు. అయినా పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, హాల్లో సోఫా పక్కన ఒక మూల కూర్చున్నాను.

తొమ్మిదింటికి పెద్దమ్మగారు వచ్చారు. ప్రొడ్యూసర్ గారి తల్లి. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డు ఊరు ఆవిడది. సముద్రం చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదంటే, కొడుకు ఆవిడ కోసమే ఆ తొట్టి పెట్టించాడు. తలస్నానం చేసి, కొంగులో రాళ్ళుప్పుతో వచ్చి, తొట్టి ముందు నిలబడి, ఒక్కొక్క చేపనీ చూస్తూ గుప్పెడుప్పు మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినవాళ్ళ దిష్టి, పోయినవాళ్ళ దిష్టి" అంటూ మూత తీసి, అందులోనే జారవిడిచారు. చేపకొక గుప్పెడు. ఏడు గుప్పిళ్ళు!

సోఫా పక్కనుంచి ఒక్క గెంతులో తొట్టి దగ్గరికి వచ్చాను. "ఇదేమిటండీ పెద్దమ్మగారూ?" అన్నాను.

"నువ్వా అమ్మాయ్! ఏం చెయ్యమంటావే, సినిమావాళ్ళ ఇల్లు, వచ్చిన ప్రతివాడూ వీటిని నోరెళ్ళబెట్టి చూస్తాడు. దిష్టి తగలదూ? తీసిన ఉప్పు కాలికి తగిలే చోట వెయ్యకూడదు, నీళ్ళలో కలపాలి. ఉప్పునీళ్ళలో ఉప్పు వేస్తే సముద్రానికేం బరువు?" అని, గొంతు తగ్గించి, "నేనొచ్చాకే వాడి సినిమాలు రెండూ పోయాయట. కోడలి తరఫు వాళ్ళెవరో అంటుంటే విన్నాను. ఇవి కూడా పోయాయంటే నా కాలు మంచిది కాదన్నది ఖాయమైపోతుందే. అందుకే నా భయం" అన్నారు.

పరిగెత్తుకెళ్ళి ప్రొడ్యూసర్ గారిని లాక్కొచ్చి చూపిస్తే చాలు, నా పేరు నాకు దక్కేది. వాదనలో గెలవడమంటే నాకు భోజనం కంటే ఇష్టం. అయినా ఆవిడ ముందు దోసిలి పట్టాను. "మా వైపు ఆచారం వేరేనండీ. పెద్దవాళ్ళు దిష్టి తీస్తే, ఉప్పుని చిన్నవాళ్ళే పారబొయ్యాలి. ఇకనుంచి నా చేతికివ్వండి" అన్నాను.

"మీ వైపు అలాగా?" అని ఆవిడ నన్ను కాసేపు చూశారు. "సరే, అయితే ఆదివారం ఆదివారం రా."

సోమవారం ప్రొడ్యూసర్ గారి ముందు, "లెక్క తప్పానండీ. నీళ్ళు పోసినప్పుడల్లా ఉప్పు కూడా కలిపేశాను" అన్నాను. పదో తరగతి పిల్లాడు కూడా చెయ్యని తప్పు. మావయ్య తల పట్టుకుని, "కెమిస్ట్రీ అన్నావు కదే!" అన్నాడు. దొంగ అన్న మాట పోయి తెలివితక్కువది అన్న మాట మిగిలింది. ఉద్యోగం ఉంచి, వృథా అయిన నీళ్ళకిగాను మూడు నెలలు సగం జీతం కొయ్యమన్నారు. నెల తిరిగాక కవరు విప్పితే పూర్తి జీతం ఉంది. పొరపాటేమోనని తిరిగివ్వబోతే, ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే, "మొత్తం ఇమ్మని అమ్మ చెప్పిందమ్మా" అన్నారు. పెద్దావిడకి నా మీద జాలి కలిగింది కాబోలు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించే వయసు కాదు.

ఆ తర్వాత రెండేళ్ళు, ఎమ్మెస్సీలో చేరాక కూడా, ఒక్క ఆదివారం మానకుండా వెళ్ళాను. ఆవిడ ఏడు గుప్పిళ్ళు తిప్పేవారు, నేను తీసుకెళ్ళి నీళ్ళలో కలిపి పెరటి తూములో పారబోసేదాన్ని, తర్వాత ఇద్దరం పెసరట్లు తింటూ ఊళ్ళో వాళ్ళందరినీ తిట్టుకునేవాళ్ళం. నాతో సమానంగా వాదించిన మనిషి ఆవిడొక్కరే. పగడాలు మళ్ళీ విచ్చుకున్నాయి, క్యాన్లు మూడుకి దిగాయి. ఇప్పుడు మా వంటింట్లో గోడకే నీళ్ళు శుద్ధి చేసే యంత్రం ఉంది. గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడ్డప్పుడు, ఉప్పు పారబోయడానికి బస్సెక్కి వెళ్ళిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎంత నోరుండేది, ఎంత తక్కువ తెలిసేది!

పూర్తి జీతం ఇమ్మన్నారంటే, ఆ ఉప్పు సంగతి ఆవిడే కొడుకుతో చెప్పి ఉండాలి. చెప్పారంటే ఆవిడకి అంతా తెలుసు. తెలిసి కూడా నాకు తెలియనివ్వలేదంటే, పెద్దమ్మగారూ, ఆ రెండేళ్ళూ నా దోసిట్లో ఉప్పు పోసింది చేపల కోసమా, నన్ను రప్పించుకోవడం కోసమా?