ఉల్లంకి కాలికి రింగు

మామ పోయాడన్న సంగతి నాకు హిందూపురం మార్కెట్లో తెలిసింది. ఒకప్పుడు ఆయన దగ్గర పూరేడు పిట్టలు కొని అమ్మిన ముసలాయన నన్ను చూసి పిలిచి, "పెనుకొండ మామ మొన్న పొద్దున పోయినాడు కదప్పా. నువ్వు పోయొచ్చినావేమో అనుకుంటి" అన్నాడు. నేను పోలేదు. నాకు తెలియనే తెలియదు. గంటన్నర బస్సు ప్రయాణం దూరంలో ఉన్న మనిషిని చూడడానికి ఆరు నెలలుగా రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపిన ఘనుణ్ణి నేను. కూరగాయల సంచి ఆ ముసలాయన దగ్గరే పెట్టి బస్టాండుకు నడిచాను.

మీలో చాలామందికి ఆయన తెలిసే వీలు లేదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా తెలిసినవాళ్ళంతా మామ అనే పిలిచారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. వాళ్ళది తాతల నాటి నుంచి పిట్టలు పట్టే ఇల్లు. చేలల్లో, కొండ వాలుల్లో వల వేసి పూరేళ్ళూ కౌజులూ పట్టి సంతలో అమ్మేవాళ్ళు. డెబ్బైల చివర్లో నెల్లూరు వైపు, సముద్రం పక్కనున్న ఉప్పునీటి సరస్సు దగ్గర పక్షులకు రింగులు వేసే శిబిరం ఒకటి మొదలైంది. పక్షికి ఈక కూడా ఊడకుండా పట్టేవాళ్ళు కావాలని వెతుక్కుంటూ ఆ శిబిరం పెద్దాయన పెనుకొండ దాకా వచ్చి మామను అడిగాడు. మామ ఒక్కటే అడిగాడట, "పట్టినంక కోసేది లేదా?" అని. లేదంటే, "అట్లయితే వస్తా" అన్నాడట.

నేను అప్పటికి జువాలజీ డిగ్రీ పుచ్చుకుని, ఉద్యోగం లేక మా నాయన కంట పడకుండా తిరుగుతున్నాను. ఆ శిబిరంలో రాతపని ఉందంటే చేరిపోయాను. ధర్మవరంలో బండి మారి, కదిరి మీదుగా పోయే ప్యాసింజర్లో మామ పక్కన కూర్చుని మొదటిసారి వెళ్ళాను. నా దగ్గర పెద్ద ట్రంకుపెట్టె ఉంది. మామ దగ్గర ఒక దుప్పటి, ఒక చొక్కా, ఒక బ్లేడు. గడ్డం గీసుకోవడానికేమో అనుకున్నాను, కానీ ఆయనకు గడ్డం ఉంది.

బ్లేడు గోళ్ళకు. రోజూ తెల్లవారగానే చేతిగోళ్ళు మాంసం దాకా కోసుకునేవాడు. గోరు ఉంటే వల దారం తగులుకుంటుంది, ఈక తగులుకుంటుంది. చేతికి నూనె తగలనిచ్చేవాడు కాదు. అంతవరకు బీడీ తాగే మనిషి, పొగాకు వాసన పిట్టకు పడదని శిబిరం ఉన్నన్నాళ్ళూ బీడీ ముట్టేవాడు కాదు. వాసన వాటికి అంత తెలియదని నేను పుస్తకజ్ఞానం ఒలకబోస్తే, "నీకు తెలుసు లేప్పా. వాటికి తెలుసో లేదో వాటినే అడగల్ల" అన్నాడు.

పని ఎలా ఉండేదో చెప్పాలి. చలికాలంలో మన వైపు వచ్చిన పక్షులు మాఘ ఫాల్గుణాల్లో ఉత్తరానికి తిరుగు ప్రయాణం కడతాయి. పోయే ముందు సరస్సు ఒడ్డున బురదలో వేలకొద్దీ దిగి పొట్ట నింపుకుంటాయి. తెల్లవారుజామునే సన్నటి వలలు కట్టేవాళ్ళు. వల్లో పడిన పక్షిని మామ విడిపించి గుడ్డసంచిలో వేసి నాకు తెచ్చిచ్చేవాడు. నేను బరువు తూచి, రెక్క కొలిచి, నంబరు ఉన్న చిన్న అల్యూమినియం రింగు దాని కాలికి వేసి, రిజిస్టర్లో రాసి వదిలేవాణ్ణి. అది ఎక్కడో ఏ దేశంలోనో మళ్ళీ దొరికితే, నంబరు చూసి ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. రింగు పటకారు పట్టుకునే హక్కు రాతా చదువూ వచ్చినవాళ్ళకే. మామకు సంతకం కూడా రాదు.

ఆయన వల విప్పుతుంటే చూడాలి. నేను తీస్తే పది నిమిషాలు పట్టి, నాకు చెమట, పక్షికి ఆయాసం. ఆయన చేతిలో అది తనంతట తనే బయటికి వచ్చినట్టు వచ్చేది. "యా పక్కనుంచి దూరిందో చూడు. ఆ దావనే ఎనక్కి పోనీ. నువ్వు కొత్త దావ చూపిచ్చేకి పోవద్దు" అనేవాడు. పక్షిని ఎలా పట్టుకోవాలో నా చేతిలో పెట్టి నేర్పాడు. "దాని గుండె నీ యేలికి తెలుస్తాండాదా? తెలుస్తాంటే పట్టు సరిగ్గుండాది. తెల్లేదంటే ఎక్కువ ఒత్తినావని."

వల్లోంచి తీసిన ప్రతి పక్షినీ సంచిలో వేసే ముందు బిస్మిల్లా అనేవాడు. కోసే ముందు అనేది కదా మామా, ఇక్కడెందుకు అని అడిగాను. "కోసేకి ఒగదానికే అనుకుంటివా? యా పని మొదలుపెట్టినా అనే మాట అది. ఇన్నాళ్ళూ నేను ఒగ పనికే వాడుకుంటి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

ఇక నా ఘనకార్యం.

మొదటి ఏడు, శిబిరం ముగియడానికి వారం ఉందనగా, ఒక పొద్దున వలల్లో పక్షులు కుప్పలుగా పడ్డాయి. సంచులు వరసగా వేలాడుతున్నాయి. ఎండ ఎక్కేలోపు అన్నీ వదలాలి. ఒక చిన్న ఉల్లంకి పిట్ట కాలికి రింగు వేస్తూ పటకారు గట్టిగా నొక్కాను. రింగు రెండు కొసలూ ఒకదానికొకటి ఆనాలి. ఇవి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అలా ఎక్కితే రింగు కాలిలోకి దిగబడుతుంది, కాలు వాచి కుళ్ళుతుంది. నాకు ఇదంతా తెలుసు. తెలిసీ, చేతిలో పక్షి రొప్పుతుంటే, వెనక పెద్దాయన తొందరపెడుతుంటే, వదిలేశాను. రిజిస్టర్లో అందంగా రాశాను కూడా.

మామ తర్వాతి సంచి అందిస్తూ, "కమ్మీ ఎక్కినట్టుండాదే అప్పా" అన్నాడు. రింగును ఆయన కమ్మీ అనేవాడు. లేదన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. మధ్యాహ్నం అన్నం పళ్ళెం పక్కన పెట్టాను. పోయి ఆయన పక్కన కూర్చుని, ఎక్కింది మామా అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టి, "యా కాలు?" అని అడిగాడు.

కుడికాలు. వేల పక్షుల్లో ఒక్క పక్షి, పిడికిలంత ఉంటుంది. నాలుగు రోజులు మామ ఆ పక్షి కోసం తిరిగాడు. పొద్దున అందరితో పాటు వలల పని చేసేవాడు. పని అయ్యాక, అందరూ పాకలో పడుకునే ఎండలో, తలకు తడిగుడ్డ చుట్టుకుని బురదలోకి దిగేవాడు. గుంపు మేస్తుంటే మోకాళ్ళ మీద కూర్చుని కాళ్ళు చూసేవాడు, ఒక్కొక్క కాలు. కుంటుతున్నదాన్ని వెతికేవాడు. నేను వెంట పోతే, "నీ నీడ పొడుగప్పా, ఆడనే ఉండు" అనేవాడు. ఒడ్డున నిలబడి ఆయన వీపు చూస్తూ, నేను మొక్కని దేవుడు లేడు.

నాలుగో రోజు, నీళ్ళ అంచున ఉచ్చులు పరిచి, గంటసేపు కదలకుండా పడుకుని పట్టాడు. పరుగెత్తుకుంటూ రాలేదు, ఎప్పటిలాగే నడిచి వచ్చాడు. చూస్తే నా రింగే. కాలు చుట్టూ ఎర్రటి గీత పడింది, వాపు మొదలైంది. రింగు వేయడం కంటే తీయడం కష్టం, పటకారుతో తీయబోతే కాలు విరుగుతుంది. మామ రెండు సన్నటి తీగలు రింగుకూ కాలికీ మధ్య దూర్చి, ఒక తీగ నా చేతికిచ్చి, "గుంజొద్దు. నేను గుంజుతా, నువ్వు పట్టుకోని ఉండు" అన్నాడు. రింగు విచ్చుకుంది. పిట్ట ఆయన అరచేతిలో కాసేపు కూర్చుని, కాలు ఒకసారి విదిలించి, ఎగిరిపోయింది. మామ నవ్వాడు. నేను ఏడ్చాను, దాచేదేముంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ రింగులకు నంబర్లు ఉంటాయి, తీసిన రింగుకు కారణం రాయాలి. సాయంత్రం పెద్దాయన వంకర తిరిగిన రింగును బల్ల మీద పెట్టి, రిజిస్టర్లో నీ పేరుంది, ఇది వేసింది నువ్వేనా అని నన్ను అడిగాడు. మొదటి ఏడు, దినకూలి ఉద్యోగం, ఇంట్లో నాయన. నేను ఇవన్నీ లెక్క వేసుకునేలోపు మామ, "నేనే సార్. సంచులు ఎక్కువైనాయని పటకారు పట్టుకుంటి" అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను నేను. పెద్దాయన చెడ్డవాడు కాదు, కానీ నియమం నియమమే. చదువు రానివాడు పటకారు ముట్టాడు కాబట్టి వచ్చే ఏడు రానక్కర్లేదన్నాడు.

తిరుగు ప్రయాణంలో బండి కదిరి దాటాక అడిగాను, ఎందుకు మామా అలా చెప్పావని. కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "నీ పేరు పక్కన ఒగసారి రాస్తే చెరగదప్పా. నా పేరు యాడుండాది ఆ బుక్కులో, చెరిపేకి?" నిజమే. రిజిస్టర్లో పక్షి పేరుకు గడి ఉంది, రెక్క పొడవుకు ఉంది, రింగు వేసినవాడి పేరుకు ఉంది. పట్టినవాడి పేరుకు లేదు.

మరుసటి ఏడు నాకు పిలుపు వచ్చింది, పోయాను. కొత్తగా వచ్చినవాళ్ళు వల విప్పుతుంటే ఈకలు రాలాయి, రెండు పక్షులు వల్లోనే చచ్చాయి. అప్పుడైనా నేను నోరు తెరవలేదు. ఆ పై ఏడు పెద్దాయనే మనిషిని పంపి మామను పిలిపించుకున్నాడు. వచ్చాడు, బ్లేడుతో, దుప్పటితో. మాన్పించిన ఏడు గురించి ఒక్క మాట లేదు. చూపు మందగించే దాకా, ఇంకో అయిదారేళ్ళు ఆయన పక్కనే పనిచేశాను. ఆయన దగ్గర నేర్చుకున్న చేతులతోనే ఈనాడు కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పుకు తింటున్నాను. అయినా ఆ రింగు విషయం ఎవరికీ చెప్పలేదు.

నేను పెనుకొండ చేరేసరికి అది మూడో రోజు, జియారత్. సమాధి దగ్గరికి పోయి వచ్చినవాళ్ళు వసారాలో చాపల మీద కూర్చున్నారు. మామ కూతురు నీళ్ళు ఇచ్చి, నన్ను చూపిస్తూ చుట్టాలతో అంటోంది, "ఈయన్న నాయనతో సముద్రం కాడ పనిచేసినోడు. నాయన చెప్తానే ఉన్నింది కదా, ఒగ పిట్టకు కమ్మీ తప్పుగా ఏసినానని, నాలుగు దినాలు దాన్ని ఎతికినానని. జన్మలో ఆ ఒగ్గ తప్పు చేసినానని మా పిల్లోళ్ళకు ఎన్నిసార్లు చెప్పినాడో."

ఇంట్లో కూడా ఆయన తన తప్పుగానే చెప్పుకున్నాడు. మనవళ్ళకు కూడా.

నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టాను. ఆ తప్పు మామది కాదు, నాది అన్నాను. మొదలు నుంచి చెప్పాను, బల్ల ముందు మూగవాడిలా నిలబడింది కూడా. మామ కూతురు నా ముఖం కేసి చూడలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

తలుపుకు కట్టిన పరదా వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. మామ భార్య. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, నాలుగు నెలల పైన బయటికి రాదు.

"నాకు తెలుసు లేప్పా" అంది. "ఆయప్ప చేతులు నేను చూడలేదా? ఆ చేతులు అట్ల ఒత్తుతాయా?"

"నా వల్ల ఒక ఏడు పని పోయింది అత్తా" అన్నాను.

"పోయింది. పెండ్లయినకాడి నుంచి ఎండలు మొదలైతే ఆయప్ప ఇంటిపట్టున ఉన్నింది లేదు. ముందర కొండలు, ఆమీట సముద్రం. ఆ ఒగ్గ ఏడు ఉన్న్యాడు. దినామూ పొద్దున్నే నన్ను చెరువుకట్టకు పిల్చుకోని పోతాన్న్యాడు. వలల్లేవు, సంచుల్లేవు. ఊరికే కూర్చోని, ఇది ఫలానాది, అది ఫలానాది అని చెప్తాన్న్యాడు. ఇండ్లల్లో ఆడోళ్ళు నవ్విరి, ముసిల్ది మొగుడెంబడి చెరువుకు పోతాండాదని. నీ మీద నేనేమని కోపం చేసుకుందు?"

అంతలో ఇంటి మీదుగా, ఎక్కడో ఎత్తున, మూడు కూతలు వినిపించాయి. కాస్త ఆగి మళ్ళీ మూడు. చాపల మీద ఉన్నవాళ్ళెవరూ పట్టించుకోలేదు.

"పచ్చకాళ్ళ ఉల్లంకులు" అంది అత్త పరదా వెనక నుంచి. "ఎనక్కి పోయే కాలం వచ్చింది వాటికి. యా పక్కకు పోతాండాయో రవ్వంత చూసి చెప్పప్పా."

నేను వాకిట్లోకి వచ్చి తలెత్తాను. ఎండకు కళ్ళు తెరవలేకపోయాను. చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికితే కనిపించాయి, కొండ అంచు దాటుతూ నాలుగు.

"ఉత్తరానికే అత్తా" అని చెప్పాను. అవి కనిపించినంతసేపూ చెబుతూనే ఉన్నాను.