ఇనుప బతుకమ్మ

మొన్న మా అన్న మనుమలు ట్రాక్టర్ బాగుచేయడంలో సాయపడతామని దిగారనీ, అప్పటినుంచి ఒక బోల్టు కనబడటం లేదనీ వినగానే, పిల్లల్ని ఒక్క మాటైనా అడక్కుండా తిన్నగా ఇంట్లోకి పోయి దేవుని గూట్లో చేయి పెట్టి వెతికాను. అందరూ నన్ను వింతగా చూశారు. ఆయిల్ ఇంజన్ల కాలం నాటి అనుమానాలు వాళ్లకేం తెలుసు!

నా చిన్నతనంలో, జమ్మికుంట పక్కనున్న మా పల్లెలో, బతుకమ్మ పండుగ రోజుల్లో, వరి సరిగ్గా పొట్ట మీదుండగా, మా బావి మీది ఇంజన్ మొరాయించింది. అది మామూలు ఇంజనా? దాన్ని తిప్పితే మందమర్రి గనుల్లోని వాళ్లు భూకంపమనుకుని పైకి వచ్చేవాళ్లని మా తాత చెప్పుకునేవాడు. నీళ్లు పారకపోతే గింజంతా తాలు. అయినా మెకానిక్కును పిలవడు. పానా పట్టిన ప్రతివాడూ మంచి సామాను మార్చుకుపోతాడని ఆయన అనుమానం. తానే ఇంజన్ విప్పి, ముక్కలు ఇంటికి మోసుకొచ్చి, వాకిట్లో గోనెసంచి మీద విప్పిన వరుసలోనే పరిచి, కడగడానికి గాసునూనె తెద్దామని దుకాణానికి పోయాడు.

మంచి పేరు తెచ్చుకుందామని నేనూ మా చెల్లే ఆ ముక్కలన్నిటినీ బూడిదతో తోమేశాం. నేను ఇంకాస్త బూడిదకు వెళ్లి వచ్చేసరికి, గునుగూ తంగేడూ పేర్చి పేర్చి చేయి అలవాటైన చెల్లె, తాంబాళంలో పెద్ద వాషర్లు అడుగున, చిన్నవి పైన, నడుమ నడుమ నట్లు పెట్టి, గోపురమంత బతుకమ్మను పేర్చి, దాని చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతోంది.

"నా ఇంజన్ను బతుకమ్మను జేసిండ్రా!" అన్న తాత కేక గోదావరి అవతలి ఒడ్డుకు వినబడే ఉంటుంది. ఎలాగో మళ్లీ వరుస కుదిర్చాడు గానీ, డీజిల్ చిమ్మే నాజిల్ లేదు. అది లేనిదే ఇంజన్ కదలదు. అనుమానం ఊరంతా తిరిగి, గట్టవతలి తాత దగ్గర ఆగింది. ఆయన మా తాతకు వరుసకు బావ. పొద్దున వాకిట్లోకి వచ్చి ముక్కలు చూసిపోయాడు.

"చేతులు ఎన్కకు వెట్టుకొని నిలవడ్డడు. ఏందో దాస్తున్నడనే గదా!" అన్నాడు మా తాత.

"నడుము నొప్పున్నోడు ఇంకెట్ల నిలవడ్తడయ్యా?" అంది బాపమ్మ, మా నాయనమ్మ.

నన్ను గూఢచారిని చేశారు. ఆయన బావి దగ్గర గట్టు మీద బోర్లా పడుకుని ఆ ఇంజన్ చప్పుడు విని, ముమ్మాటికీ మా నాజిల్ చప్పుడేనని తేల్చాను. మర్నాడు తెల్లారేసరికి మా మడి నిండా నీళ్లు! గట్టవతలి తాత అడగకుండానే తన కాలువ మళ్లించాడు. మా తాత అనుమానం రెండింతలైంది.

"దొంగ గాకపోతె ఊకెనే నీళ్లెందుకిస్తడు?"

ఆ సాయంత్రం దీపం పెట్టబోయిన బాపమ్మ, గూట్లోని పసుపు గౌరమ్మను ఎత్తి, ఇంత బరువేందే అంది. చెల్లె తడుముకోకుండా చెప్పింది.

"గౌరమ్మ లేకుంటె బతుకమ్మ ఎట్లయితది? నాజిల్‌కు పసుపు మెత్తి పైన వెట్టిన. ఆట అయినంక గౌరమ్మను దేవుని తాన వెట్టాలె గదా!"

మా తాత తలవంచుకుని గట్టు దాటి పోయాడు, వెనకాలే నేను. ఆయన బావ నవ్వాడు.

"నీ అనుమానం నాకెర్కలేదా బావా? పిలగాడు గట్టు మీద పండుకొని ఇనవట్టె. వానికి మంచిగ ఇనవడాలెనని ఇంజన్ జర నిమ్మళంగ నడిపిన."

మొన్న గూట్లో బోల్టు దొరకలేదు. అలవాటు కొద్దీ పొలం దాకా పోయి గట్టవతలికి చూశాను. ముళ్లకంచె, తాళం వేసిన గేటు, తనంతట తానే నడిచి తనంతట తానే ఆగే మోటారు. ఆ పొలం ఇప్పుడెవరిదని అన్నను అడిగితే, ఎవరో పట్నపోళ్లదట, ముఖం కూడా చూడలేదన్నాడు. ముఖమే తెలియని మనిషిని ఏమని అనుమానించను? చేతులు వెనక్కి పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడి, ఇంటికి వచ్చేశాను.