చెల్లి చూడాల్సిన గది

బొమ్మల్లేని ఆట అనగానే ఇంట్లో అందరూ నవ్వారు. ఇంటర్నెట్లో మేం కొందరం కలిసి నడుపుకునే ఆట అది. తెరమీద అక్షరాలే ఉంటాయి. గదిలో అడుగుపెడితే ఆ గది ఎలా ఉందో చదువుకోవాలి. ఆ గదులు రాసే పని నాది. ఒకే గది అందరికీ ఒకేలా కనబడితే నాకు నచ్చదు. ఆకలితో వచ్చినవాడికి ముందు పొయ్యి కనబడాలి, దొంగకి బీరువా తాళం కనబడాలి. అందుకే ఎవరు చూస్తే వాళ్ళకి తగ్గ మాటలు వచ్చేలా రాస్తాను.

బిలాస్‌పూర్‌లో మేం పెరిగిన రైల్వే క్వార్టర్‌ని కూల్చేశారని తెలిసినప్పుడు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. దాన్నే ఆటలో ఒక గదిగా మళ్ళీ కట్టాను. నాన్న ఇంజను డ్రైవరు. నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునేవాడు. కిటికీకి దుప్పటి కట్టి, ఇల్లంతా గుసగుసల్లోనే బతికేవాళ్ళం. చెల్లికి సరిగ్గా అప్పుడే నవ్వు ముంచుకొచ్చేది. అమ్మ గరిటె పట్టుకుని కళ్ళురిమేది.

ఆ గదిని అమ్మ చూస్తే చప్పుడు చేసే గిన్నెలు కనబడతాయి. చెల్లికి వేరే రాశాను. తను హిందీ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదివేది. అందుకని మా ఇంటి తెలుగునే హిందీ అక్షరాల్లో పెట్టాను. అప్పటికే తను ఆసుపత్రిలో ఉంది.

"ఏటే అక్కా, నాకోసం ఏటి రాసావు?" అని ఫోన్లో అడిగింది.

"చెప్పను, వచ్చి చూసుకో" అన్నాను.

"అచ్ఛా, ఇంటికొచ్చాక చూస్తాన్లే" అంది.

ఇంటికి రాలేదు. ఆసుపత్రిలోనే పోయింది.

తన పేరుతో లోపలికి వెళితే తప్ప ఆ మాటలు కనబడవు. నా పేరుతో వెళితే దుప్పటి కట్టిన కిటికీ, దాని పక్కన మంచం, అంతే. తన పాస్‌వర్డు పెట్టిచ్చింది నేనే. అయినా ఆ పేరు కొట్టడానికి నాకు మనసు రాలేదు. చదివేవాళ్ళు లేని ఆ మాటలు అక్కడే ఉన్నాయని తలుచుకుంటే ఏడుపొచ్చేది.

మొన్న అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"దానికేటి అగుపడతాదో ఓపాలి సదివి చెప్పవే" అంది. అమ్మకి హిందీ అక్షరాలు రావు.

చెల్లి పేరుతో గదిలోకి వెళ్ళి, వచ్చిన మాటలు పైకి చదివాను. "నాన్న నిద్దరోతన్నాడు. అమ్మ గరిటె పట్టుకుని నీకేసే చూస్తంది. నవ్వకే."

అమ్మ తెరకి దగ్గరగా జరిగింది.

"దాన్ని నవ్వమనవే," అంది. "ఈపాలి నేనేటీ అనను."