రిజైన్ కాదు, డిస్మిస్

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయారని ఆదివారం పొద్దున్న ఈ హిందీ ఊళ్లోని మా కాలనీ క్యాంప్ 2లో పాలు పోయించుకుంటుంటే తెలిసింది. సాయంత్రం మా తెలుగు బడిలో సంతాప సభ పెట్టారు. ఇప్పటి బడి కమిటీ పెద్ద మైకు పట్టుకుని, "కుటుంబ కారణాల వల్ల ఆవిడ తనంతట తానే రిజైన్ చేశారు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. బతికుండగా ఆవిడ చేత అనిపించలేకపోయిన మాటని పోయాక ఆవిడకి అంటగడుతున్నారు.

ఆవిడది బొబ్బిలి వైపు. భర్త ఇక్కడి ప్లాంటులో ఫిట్టరు. డెబ్బైల్లో మాకు ఏడో తరగతిలో ఇంగ్లీషు చెప్పేవారు. సుద్దముక్క గోరంత మిగిలినా పారేయకుండా కొంగు చివర ముడేసుకునేవారు. ఏ వాక్యం చదివినా ఒకటే అడిగేవారు: "ఆ పని చేసిందెవరర్రా? ముందది సూడండి."

ఆ ఏడు ఆవిడకి ఏడో నెల. క్లాసు జరుగుతుండగానే అప్పటి బడి కమిటీ సెక్రటరీ కాగితం పట్టుకుని లోపలికొచ్చాడు.

"ఏటమ్మా, ఇంకా సంతకం పెట్టలేదు? ఈ కడుపుతో పిల్లల ముందు నిలబడితే ఏం బాగుంటాది? రిజైన్ చేసెయ్యండి, గౌరవంగా ఉంటాది."

ఆవిడ బోర్డు మీద రిజైన్ అని, పక్కనే డిస్మిస్ అని రాసి మా వైపు తిరిగారు. "రెండింట్లోనూ ఉద్యోగం పోద్ది. మరి తేడా ఏటి?"

ముందు బెంచీ పిల్ల లేచింది. "రిజైన్ మత్‌లబ్ ఖుద్ ఛోడ్నా, మనమే వదిలేయడం మేడమ్. డిస్మిస్ అంటే వాళ్లు తీసేయడం."

"శభాష్" అని, ఆవిడ అప్పుడు సెక్రటరీ వైపు చూశారు. "నేను వదల్లేదు బాబూ. అక్కర్లేకపోతే మీరే తీసేయండి. తీసేశామని మీరే రాసుకోండి. మీ పని నా చేత చేయించకండి."

తీసేశారు. గొడవ మనిషని పేరు కూడా పెట్టారు. ఆ పేరు వల్ల మరే బడీ ఆవిడకి ఉద్యోగం ఇవ్వలేదు. క్వార్టరు వరండాలో చాప పరిచి, వచ్చిన పిల్లలందరికీ చివరిదాకా చదువు చెప్పారు. నేను నాలుగు ముక్కలు నేర్చుకుంది ఆ చాప మీదే.

సభలో నేను లేచి, "రిజైన్ కాదండీ, డిస్మిస్" అన్నాను.

"ఛోడియే దీదీ, వదిలెయ్యండి, ఇప్పుడెందుకా గొడవ?" అన్నారెవరో.

"ఇప్పుడే కావాలి. ఆవిడిక చెప్పుకోలేరు" అన్నాను. నా మాట పూర్తికాకుండానే వెనక వరసలోంచి ఆవిడ భర్త లేచారు. "అమ్మాయి చెప్పిందే నిజం" అని మాత్రం అన్నారు. కమిటీ పెద్ద మైకు బల్ల మీద పెట్టేసి కూర్చున్నాడు.

తీసేసిన మర్నాడు కూడా ఆవిడ బడి వేళకి వచ్చారు. చౌకీదారు గేటు తెరవలేదు. లోపల మేం ప్రార్థనకి నిలబడ్డాం. ఒక చేత్తో గొడుగు, ఇంకో చెయ్యి నడుం మీద, గేటు చువ్వల అవతల ఎండలో నిలబడి, ఆఖరి చరణం దాకా ఆవిడ మాతో గొంతు కలిపి పాడారు.