కాగితం తేదీ, మనిషి తేదీ

మా పక్క గది చాచా పోయారు. ఆ శుక్రవారం మేము ఖతార్‌లోనే ఇంకో ఊళ్ళో, అల్ ఖోర్‌లో చుట్టాల ఇంట్లో ఉన్నాం. శనివారం పొద్దున కామారెడ్డి నుంచి ఆయన భార్య, చాచీ, మా నాన్నకు ఫోన్ చేసి, “నిన్నటి సంది ఎత్తుతలేడు భయ్యా, జర చూడున్రి” అన్నారు. వచ్చి చూస్తే ఆయన చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. నాన్న తలుపు పగలగొట్టాడు. చాచా గోడవైపు తిరిగి పడుకుని నిద్రపోతున్నట్టే ఉన్నారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. మరణించిన తేదీ దగ్గర శనివారం తేదీ వేసి కాగితం ఇచ్చారు.

ఆ తేదీ సరైంది కాదు. అది ఎలా తెలిసిందో చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి, ఎందుకంటే అలా చూడడం నాకు నేర్పింది ఆయనే.

చాచా మాకు చుట్టం కాదు. అబూ హమూర్‌లో ఒకే విల్లాను గోడలు పెట్టి పంచుకున్న ఇళ్ళు మావి. ఆయన వంటింటి పొగ మా కిటికీలోంచి వచ్చేది, మా పోపు వాసన ఆయన గదిలోకి పోయేది. స్టేడియం పనిలో ఆయన డాక్యుమెంట్ కంట్రోలర్. ఏ డ్రాయింగ్ ఎప్పుడు వచ్చింది, ఎవరు సంతకం చేశారు, ఏది పాతబడింది, అన్నీ ఆయన రిజిస్టరులో ఉండేవి. అదే కంపెనీలో ఫోర్‌మన్ అయిన మా నాన్న, ఆయన రాత చూసి సైట్ మీద గోడలు కట్టించేవాడు.

డ్యూటీ అయ్యాక ఆయన ఇంకో రిజిస్టరు తీసేవారు. అది ఒకే ఒక్క జర్మన్ సైనికుడిది.

చాచావాళ్ళ తాత రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ సైన్యం తరఫున ఆఫ్రికా ఎడారిలో లారీ నడిపారట. ఒక చలికాలం తెల్లవారుజామున గాయపడ్డ జర్మన్ సైనికుడిని లారీలో ఎక్కించుకున్నారు. అతను నీళ్ళు తాగాడు, జేబులోంచి చిన్న పుస్తకం తీసి తాత చేతిలో పెట్టాడు, దారిలో చనిపోయాడు. జర్మన్ సైన్యంలో ప్రతివాడూ జేబులో పెట్టుకునే జీతం పుస్తకం అది, గుర్తింపు కాగితం కూడా అదే. తాత దాన్ని పై అధికారికి అప్పజెప్పాలి. భయపడ్డారో మరిచిపోయారో, అప్పజెప్పలేదు. అది యాభై ఏళ్ళు కామారెడ్డిలో ఒక ట్రంకుపెట్టెలో ఉంది. పోయేముందు తాత మనవడిని పిలిచి, “ఆని ఇంటికి చేర్చు రా. నా మెడ మీది బరువు అది” అన్నారట. చాచా ఖతార్ వచ్చేటప్పుడు బట్టల మధ్య ఆ పుస్తకాన్నీ తెచ్చుకున్నారు.

పుస్తకంలో భార్య పేరు, ఊరు ఉన్నాయి. చాచా ఆ ఊరి ఆఫీసుకు రాశారు, పాత సైనిక రికార్డులు దాచే చోటికీ రాశారు. జవాబులు నెలల తర్వాత వచ్చేవి. ఆయనకు జర్మన్ రాదు. అచ్చు అక్షరాలను ఫోన్ చదివి పెట్టేది కానీ ఆ కాలపు చేతిరాత ఫోన్‌కు కూడా అంతుపట్టేది కాదు. చాచా ఆ గీతలను చూసి చూసి మళ్ళీ రాసేవారు, ఒక్కో అక్షరం ఇరవైసార్లు. “చేతికి తెలిస్తే కంటికి తెలుస్తది బేటీ” అనేవారు.

రాయడానికి కాగితం క్యాలెండర్‌ది. కింది కిరాణా కొట్టువాడు ఇచ్చిన, రోజుకో కాగితం చింపే క్యాలెండర్ అది. తెల్లవారుజాము నమాజు కాగానే ముందురోజు కాగితం చింపి, వెనక వైపు అక్షరాలు దిద్దేవారు. జ్వరం వచ్చిన రోజు కూడా చింపారు.

మా నాన్న ఏడిపించేవాడు. “ఏం భాయ్, సచ్చిన జర్మనోళ్ళ హాజరు ఏస్తున్నవ్. మా డ్రాయింగులు ఎప్పుడిస్తవ్?”

“ఆళ్ళు సచ్చి ఎనభై ఏండ్లాయె, తొందర జేయరు. మీ ఇంజినీర్లే పొద్దుమాపు యల్లా యల్లా అని నెత్తి తింటరు.”

నిజానికి ఊళ్ళో అందరిదీ తొందరే. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఇంకెన్ని రోజులో చెప్పే గడియారం సముద్రపు ఒడ్డున కార్నిష్‌లో పెట్టారు. దాన్ని చూసి చాచా, “ఊరంత ముంగటికి లెక్కవెడ్తుంది, మనమిద్దరమే ఎనుకకు” అని నవ్వారు.

మనమిద్దరం అన్నది నన్ను. నేను పన్నెండో తరగతి. అప్పుడప్పుడే మాటల మీద పిచ్చి పట్టింది. ఆయన చెబితే నేను ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేదాన్ని. ‘పాపం ఆ అభాగ్య సైనికుడు’ అన్న అర్థం వచ్చేలా ఒకసారి రాస్తే, ఆయన అద్దాలు పైకి తోసి, “ఈ పాపం అనేది ఏ కాయితంల ఉన్నది?” అని అడిగారు. నేను కొట్టేశాను. నా రాతలో చాలా మాటలు అలాగే పోయాయి.

ఆయన రిజిస్టరులో ఒక్కో సంగతికి ఒక్కో వరస, అందులో తేదీకి రెండు గడులుండేవి. ఒకటి కాగితం తేదీ, రెండోది మనిషి తేదీ. మొదటిది ఎప్పుడూ నిండి ఉండేది, రెండోది చాలావరకు ఖాళీ. ఖాళీ గడి చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. ఈ సంగతి ఇక్కడ ఒప్పుకోవాలి.

ఆ సైనికుడి కూతురు దొరికింది. ఎనభై దాటిన ముసలావిడ, అదే ఊళ్ళో ఉంది. తండ్రిని ఎన్నడూ చూడలేదు. ఆచూకీ లేదన్న ఒక్క ముక్క తప్ప ఇంటికి ఇంకేమీ రాలేదట. సరిగ్గా అప్పుడే రికార్డుల నుంచి కొత్త కాగితం ఒకటి వచ్చింది. యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు ఇచ్చే బిల్ల తాలూకు పత్రం. దాని మీద తేదీ, తాత చెప్పిన చలికాలం దాటాక వచ్చిన వేసవిది. తాత పొరబడ్డారని, ఆ మనిషి వేసవికి బతికే ఉన్నాడని నాకు తోచింది. చాచా డ్యూటీలో ఉన్నారు. ఆయన రాయమన్న ఉత్తరం చివర నేనే ఒక వాక్యం కలిపి పంపేశాను. మీ నాన్నగారు ఆ వేసవికి ప్రాణాలతో ఉన్నారు అని. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను.

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆవిడ మనవడు ఇంగ్లీషులో పెట్టిన ఒకే వాక్యం: అయితే ఆయన ఇంటికి ఎందుకు రాలేదు?

చాచా దాన్ని చదివి ఫోన్ బోర్లా పెట్టారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. చాయ్ మీద మీగడ కట్టింది.

“మీ నాయిన గోడ కడ్తడు,” అన్నారు చివరికి. “గోడ మంగళారం లేస్తది. దాని కాయితం మీద సంతకం ఇంకో వారానికి పడ్తది. కాయితం మీది తారీఖు కాయితానిది బేటీ. మనిషిది కాదు.”

“సారీ చాచా.”

“నాకెందుకు సారీ? ఆ ముసలమ్మకు ఈ వయసుల నాయిన మీద కోపమొచ్చె. అది తియ్యాలె.”

అది తీయడానికి ఏడు నెలలు పట్టింది. ఆయన మళ్ళీ రాసి, మళ్ళీ అడిగి, యుద్ధభూమిలోని ఆసుపత్రి జాబితా నకలు తెప్పించారు. అతను గాయపడింది ఆ చలికాలానికి ముందే. భుజానికి తగిలిన దెబ్బ మానితే తిరిగి పనిలోకి పంపారు. బిల్ల పత్రం మాత్రం ఎక్కడో బల్లల మీద తిరిగి, మనిషి పోయిన ఎన్నో నెలలకు టైపయింది. మూలన, అందజేయలేదు అని ముద్ర. “తప్పు నాది అని రాయి” అన్నారు చాచా. నాది అని రాస్తానన్నాను. “రిజిస్టరు నాదైతే తప్పు నీదెట్లయితది?” అన్నారు.

ఆవిడ జవాబు నాకు కంఠతా వచ్చు: నాన్న మీద ఇప్పుడు కోపం లేదు, కానీ ఒక చలికాలమంతా ఆ కోపంతోనే గడిపాను, పుస్తకం పంపండి.

చాచాను చివరిసారి చూసింది గురువారం సాయంత్రం. పొద్దుగూకే నమాజు, మగ్రిబ్, చేసుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడి చాయ్ తాగారు. పుస్తకాన్ని మెత్తటి బట్టలో చుట్టి డబ్బాలో పెట్టానన్నారు. “ఐతారం కొరియర్‌కు ఇద్దాం. తాత మెడ తేలికైతది” అన్నారు. ఆదివారం ఆయన్ని ఇక్కడే, అబూ హమూర్ శ్మశానంలో ఖననం చేశారు. ఊరికి పంపాలంటే రోజులు పడుతుందని, ఆపొద్దని చాచీయే అన్నారు. నాన్న వెళ్ళొచ్చాడు. ఇసుక, రెండు రాళ్ళు, పేరు లేదు, తేదీ లేదు అని చెప్పాడు.

ఆ సాయంత్రం చాచీ నాకు ఫోన్ చేశారు. “బేటీ, కాయితంల శనివారం అని ఉన్నదట. నలభై దినాల ఫాతిహా చదివించనీకి లెక్కవెట్టాలె. నిజంగ ఏనాడు పోయిండు? జుమ్మా నాడా?”

ఫోన్ చేత్తో మూసి నాన్న వైపు చూశాను. “జుమ్మా అని చెప్పు,” అన్నాడు నాన్న మెల్లగా. “శుక్రారం పోతే ఆళ్ళకు మంచిది. నీ సొమ్మేం పోతది?”

ఆ మాట నోటిదాకా వచ్చింది. ముసలావిడ వాక్యం గుర్తొచ్చింది. “చూసి చెప్తా చాచీ, ఐదు నిమిషాలు” అని చాచా గదిలోకి వెళ్ళాను.

మంచం ఎత్తేశారు. గోడ మీద క్యాలెండర్ ఉంది. గురువారం కాగితం అలాగే వేలాడుతోంది.

మళ్ళీ ఫోన్ చేసి తెలిసింది మాత్రమే చెప్పాను. గురువారం సాయంత్రం నాతో మాట్లాడారు. శుక్రవారం తెల్లవారి కాగితం చింపలేదు. ఆ మధ్యలో ఎప్పుడో నాకు తెలియదు.

చాచీ ఒక్కటే అడిగారు. “నీతోని మాట్లాడింది మగ్రిబ్‌కు ముందా, తర్వాతనా?”

“తర్వాత, చాచీ. నమాజు చేసుకుని వచ్చి చాయ్ తాగారు.”

“అయితే జుమ్మానే,” అన్నారు. “మాకు పొద్దుగూకితే మర్నాడు మొదలైతది బేటీ. గురువారం మగ్రిబ్ దాటితే జుమ్మా రాత్రి.” తర్వాత చాలాసేపు ఏడ్చారు. నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను.

డబ్బాను నేనే కొరియర్‌లో పంపాను. ఆయన రిజిస్టరులో ఆఖరి వరస కింద ఇంకో వరస రాశాను. కాగితం తేదీ గడిలో శనివారం, మనిషి తేదీ గడిలో జుమ్మా రాత్రి. సైనికుడి మరణం రాసిన వరసలో మనిషి తేదీ గడి ఇప్పటికీ ఖాళీయే. ఏదో చలికాలం తెల్లవారుజాము అన్నది తప్ప మాకు తెలియదు, కనుక దాన్ని అలాగే వదిలేశాను.

ఆ గదిలోకి వేరే అతను వచ్చాడు. క్యాలెండర్ ఇప్పుడు నా బల్ల పైన గోడకుంది. నలభై దినాలూ దాటాయి. దాని మీద ఇంకా గురువారమే. ఏసీ వేసినప్పుడు ఆ కాగితం కొంచెం లేచి, మళ్ళీ గోడకు ఆనుతుంది.