తేమ పదిహేడుకు దిగేదాకా ప్రసంగం

ఒక రాజకీయ నాయకుడి ప్రసంగం తొందరగా ముగిసిపోకూడదని మీరెప్పుడైనా మనస్ఫూర్తిగా కోరుకున్నారా? నేను కోరుకున్నాను. కోరుకుని ఊరుకోలేదు. ఆ ప్రసంగాన్ని పొడిగించడానికి, విజయనగరం కాలేజీలో మూడేళ్ళు వాదన పోటీల్లో నేర్చిన విద్యనంతా వెచ్చించాను.

మా మేనమామది చీపురుపల్లికి ఆటోలో అరగంట దూరాన ఉన్న పల్లె. వరి నూర్పులు అయిపోయి, ఆయన ధాన్యం ప్రభుత్వ కొనుగోలు కేంద్రం ముందున్న సిమెంటు కళ్లంలో ఆరుతోంది. అల్పపీడనం వల్ల సాయంత్రం నుంచి వానలు పడతాయని అందరి ఫోన్లూ హెచ్చరిస్తున్నాయి. గింజలో తేమ పదిహేడు శాతం దాటితే ఆ కేంద్రంలో కొనరు. ఆ ఉదయం మావ ధాన్యం పంతొమ్మిది చూపించింది. మిల్లుకు వెళ్ళే లారీ పక్కనే నిలబడి ఉంది. అది వెళ్ళిపోయి వాన పడితే, తడిసిన గింజ మొలకెత్తుతుంది. ఆ ఏడాది పంట చేతికి వచ్చీ రానట్టే.

సరిగ్గా ఆ రోజే, ఆ కళ్లం పక్కనే, అధికార పక్ష నాయకుడొకరి సభ ఏర్పాటైంది. రాష్ట్ర ఆర్థిక వ్యవస్థను ఎలా గాడిన పెడుతున్నారో, ప్రభుత్వ సేవలను ఎలా సంస్కరిస్తున్నారో ప్రజలకు వివరించడం దాని ఉద్దేశం. తేమ కొలిచే యంత్రం ఉండేది కేంద్రంలో పనిచేసే సహాయకుడి చేతిలో. సభ ముగిసేదాకా అక్కడే ఉండి, ముగియగానే లారీని పంపించి మండలాఫీసుకు రమ్మని అతనికి పైనుంచి ఆదేశం.

"సారు కారెక్కినాక నాను ఒక్క నిమిసం ఉండనేను మావా. ఆలోగా పదిహేడొస్తే ఎక్కిద్దుం. నేకపోతే నా సేతుల్లో ఏటీ నేదు" అని అతను ముందే చెప్పేశాడు.

అంటే, ప్రసంగం ఎంతసేపు సాగితే గింజకు అంత ఎండ.

పదింటికి రావలసిన నాయకుడు పన్నెండున్నరకు వచ్చారు. ఆలస్యానికి ఎవరూ విసుక్కోని సభను చూడడం నాకదే మొదలు. మావ స్వయంగా ఎదురువెళ్ళి నమస్కారం పెట్టాడు. ఊరంతా ఆయన్ని వింతగా చూసింది. ఎందుకంటే మావ కరుడుగట్టిన ప్రతిపక్షం మనిషి. ఎన్నికల నెలలో తన పార్టీ రంగు లేని చొక్కా ఒంటిమీద వేసుకోడు.

నాయకుడు మైకు అందుకుంటూనే, వెనకటి ప్రభుత్వం ఖజానాను ఊడ్చేసి పోయిందని మొదలుపెట్టారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు మావ. అత్త అప్పుడు కళ్లంలో కాళ్ళు ఈడుస్తూ, చాళ్ళు తీస్తూ ధాన్యాన్ని తిరగేస్తోంది. నడుం మీద చేతులు పెట్టుకుని ఆగింది.

"ఏటయ్యా, నీ పార్టీని తిడతంటే నువ్వే సప్పట్లు కొడతన్నావు? సిగ్గు నేదేటి?"

"తిట్టనీయే. తిట్టినంతసేపూ ఎండ కాస్తాది."

న్యాయంగా చెప్పాలంటే, ఆయన మాటలన్నీ అబద్ధాలు కావు. ధ్రువపత్రాల కోసం ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గిన మాట నిజం. గరివిడి వైపు రోడ్డు మీద గోతులు పూడ్చిన మాటా నిజం. అయితే ప్రతి మంచి పనీ అవతలివాళ్ళ పాపంతోనే మొదలై మళ్ళీ అక్కడికే చేరుతోంది. కొన్నేళ్ళ క్రితం ఇదే కళ్లం పక్కన అవతలి పార్టీ నాయకుడు చేసిన ప్రసంగమూ విన్నాను. నిందించేవారు నిందితులయ్యారు, అంతే తేడా. మా పోటీల్లో నాలుగు నిమిషాలకు గంట కొట్టేవారు. ఆ గంట ఇక్కడ లేనందుకు తొలిసారి సంతోషించాను.

అరగంటకు యంత్రం పద్దెనిమిది చూపించింది. అంతలో నాయకుడు "ఇంక ముగిస్తాను" అన్నారు.

మావ నా జబ్బ పట్టుకున్నాడు. "లెగే కోడలా! కాలేజీలో కప్పులు గెలిసినావు కదేటి. ఒక పెశ్న ఎయ్యి."

"ఏటడగను మావా?"

"ఏదైనా అడుగు. సారుని కిందకి దిగనీకు!"

అడగవలసిన ప్రశ్న నా దగ్గర లేకపోలేదు. ఈ కేంద్రానికి ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు ఇస్తామని రెండు ప్రభుత్వాలూ మాట ఇచ్చాయి. అది ఏ తేదీకి వస్తుంది? ఇదీ నా ప్రశ్న. కానీ తేదీ అడిగితే ఏ వక్త అయినా "పరిశీలిస్తాం" అని ఒక్క మాటతో దిగిపోతాడని నాకు అనుభవం. కారకులెవరని అడిగితే మాత్రం దిగడు. కళ్లం వైపు ఒకసారి చూసి, తెలిసి తెలిసి చెడ్డ ప్రశ్న అడిగాను.

"అయ్యా, ఈ పరిస్థితికి అసలు కారకులెవరు?"

నాయకుడి ముఖం వెలిగిపోయింది. "చాలా మంచి ప్రశ్న తల్లీ!" అంటూ మళ్ళీ మైకు దగ్గరికి వచ్చారు. అరగంట గడిచింది. పదిహేడూ పాయింటు ఆరు. రెండోసారి లేచాను.

"మరి దీనికి వాళ్ళేమంటున్నారండీ?"

ఆయన అవతలివాళ్ళ వాదనను వాళ్ళ గొంతుతోనే వినిపించి, తన గొంతుతో ఖండించారు. ఒకే మనిషి రెండు పక్షాలా వాదించడం మా కాలేజీలో కూడా చూడలేదు. పదిహేడూ పాయింటు రెండు. ఇంతలో ఆయన గొంతు బొంగురుపోయింది. మావ పరుగున వెళ్ళి కొబ్బరి బోండాం తెచ్చి అందించాడు.

"గొంతు తడుపుకోండి బాబూ. ఇంకా సానా సెప్పాలి మీరు."

ఆ భక్తికి నాయకుడు కరిగిపోయారు. ప్రతిపక్షం కంచుకోటకు బీటలు వారాయని ప్రకటించి, మావను వేదిక మీదికి పిలిచి, తమ పార్టీ కండువా కప్పబోయారు. మావ ఒక్క క్షణం గింజుకున్నాడు. కళ్లంలోంచి అత్త కేకేసింది:

"ఏసీయించుకో! ఫొటోలకి పది నిమిసాలు పడతాది!"

మావ మెడ వంచాడు. ఫొటోలు నడుస్తుండగా సహాయకుడు యంత్రం ఎత్తి అరిచాడు: "పదిహేడు!"

వేదిక మీంచి మావ దూకేశాడు. కొత్త కండువాను చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద బస్తా ఎత్తుకున్నాడు. మేమంతా సంచులు పట్టాం. చివరి బస్తా లారీ ఎక్కేసరికి నాయకుడి కారు మలుపు తిరిగిపోయింది. డ్రయ్యరు ప్రశ్న నా నోట్లోనే మిగిలిపోయింది.

సాయంత్రం వాన పడింది. మా ధాన్యం మిల్లుకు చేరింది. కానీ అదే కళ్లంలో ముందురోజే తెచ్చి పోసిన మరో ముగ్గురి ధాన్యం ఆ రోజు పద్దెనిమిది దగ్గరే ఆగిపోయింది. ముసురులో వాళ్ళు టార్పాలిన్లు కప్పుతుంటే, ఒక మూల పట్టుకుని నేనూ నిలబడ్డాను. ఆ ముగ్గురికీ కావలసినది నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నే.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను. మీ ఊరికి ఏ పార్టీ నాయకుడు వచ్చినా లేచి నిలబడండి. కారకులెవరని అడగకండి. దానికి జవాబు వాళ్ళ దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. డ్రయ్యరు ఏ తేదీకి వస్తుందో అడగండి. తేదీ చెప్పేదాకా కూర్చోకండి.