నీలి మూత సీసాలు

పోలీసు యాక్షన్‌కు ముందు ఏడాది నేను సికింద్రాబాదులో ఒక వైన్ షాపులో టైపిస్టుగా చేరాను. పుట్టింది గుంటూరు పక్క, మిషన్ బడి పంతులుగారి ఇంట్లో. పద్నాలుగో ఏట చర్చిలో నిలబడి, జన్మలో మద్యం తాగనని ప్రమాణం చేసినవాణ్ణి. అలాంటివాడికి ఆ ఉద్యోగం ఎలా వచ్చిందని చుట్టాలు ఆశ్చర్యపోయేవారు. షాపు యజమానికి కావలసింది అలాంటివాడే మరి. గుమస్తా తాగనివాడైతే సరుకు తరగదు.

యజమానిని అందరూ సేటు అనేవారు. తాతల కాలం నుంచి హైదరాబాదులోనే వ్యాపారం చేసుకుంటున్న కుటుంబం. ఆయనా చుక్క ముట్టడు. కడుపులో పుండు, రెండు పూటలా మజ్జిగే. కంటోన్మెంటు దొరలకు పాతికేళ్ళుగా వైను అమ్ముతూ, దాని రుచి ఏమిటో ఎరగకుండానే మేడ కట్టిన మనిషి. రుచి చూసి చెప్పడానికి ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ ఉండేవాడు. దొరలు వెళ్ళిపోయినప్పుడు ఆయన కూడా ఓడ ఎక్కాడు.

దొరలు వెళ్ళారు గానీ వాళ్ళకోసం తెప్పించిన ఫ్రెంచి ఎర్ర వైను మిగిలిపోయింది. గొప్ప సరుకేమీ కాదు. మెస్సులో రోజూ భోజనంతో పుచ్చుకోవడానికి తెప్పించిన చవక రకం. వెనక గది గోడ చెమ్మ పట్టి, చెదలు లేబుళ్ళన్నీ తినేశాయి. సీసాల మెడల మీద తగరపు మూతల రంగులు మాత్రం మిగిలాయి: ఎరుపు, నీలం, పచ్చ. ఏ రంగు ఏ వైనో చెప్పేవాడు లేడు. నిజాం సర్కారుకూ ఢిల్లీకీ పేచీ ముదిరి, సరిహద్దులో గూడ్సు బళ్ళు ఆగిపోయాయి. కొత్త సరుకు వచ్చే దారి లేదు.

ఒకరోజు సేటు నన్ను వెనక గదిలోకి పిలిచాడు.

"నువ్వు కిరస్తానం గదా. మీ గుళ్ళె వైన్ ఇస్తరంట గదా. నీకు ఎర్కుంటది. ఏది మంచిదో జెర చూసి చెప్పు."

"మా చర్చిలో ఇచ్చేది ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన నీళ్ళండీ."

"గది ద్రాక్షనే, గిది సుత ద్రాక్షనే. ఇంకేంది పరేషాన్?"

సాయంత్రం మారేడ్‌పల్లిలో మా ఇంటికి వెళ్ళి, మా ఆవిడకు చెప్పాను. ఆమె బడిపంతులమ్మ. కాపీ పుస్తకాలు దిద్దుతూ తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది.

"మింగితే తాగినట్టు. ఉమ్మేస్తే పుక్కిలించినట్టు. పుక్కిలించనని మీరెవరికీ మాట ఇవ్వలేదుగా?"

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే, షాపు తలుపులు తీయకముందు, గాజు గ్లాసూ ఉమ్మితొట్టీ ముందు పెట్టుకుని పుక్కిలించాను. మొదటి రోజు మూడూ ఒకేలా ఉన్నాయి, కుంకుడుకాయ కొరికినట్టు. మూడోరోజుకి నాలుక తెలివి తెచ్చుకుంది. ఎర్ర మూతది రంగు వేసిన చక్కెర నీళ్ళు. నీలి మూతది బిరడా వదులై గాలి దూరి, పూర్తిగా పులిసిపోయింది. మూత తీయగానే కళ్ళు మండేవి. పచ్చ మూతది వగరు. కానీ నేరేడు పండులో ఉండే వగరు. మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్‌లోని మాంసం కూర తిని, దాన్ని మళ్ళీ నోట్లో పోసుకుని చూశాను. కూర కారాన్ని కడిగేసి, తన గొప్ప చాటుకోకుండా తప్పుకుంది. అన్నం పక్కన పెట్టి మెచ్చుకోవలసిన వైను కాదు. అన్నం తింటూ మరిచిపోదగిన వైను. రోజూ తాగేదానికి అంతకన్న ఏం కావాలి?

"పచ్చమూతది అమ్మండి. నీలం పారబోయండి," అన్నాను సేటుతో.

"పారబోసుడా? ముందు అల్మారీల పెట్టు. కొనేటోడు చెప్తడు మంచిదో చెడ్డదో."

తరవాత కొద్ది వారాలకే పోలీసు యాక్షన్ వచ్చింది. షాపు మూసి ఇళ్ళల్లో కూర్చున్నాం. ఐదు రోజుల్లో రాజ్యం మారింది. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు చెప్పే సంగతులు వినలేక చెవులు మూసుకునేవాళ్ళం. షాపు తెరిచాక చూస్తే సేటు అప్పటికే గోడ మీది నిజాం ఫొటో దించి, గాంధీగారి ఫొటో పెట్టాడు. ఆ పటం కిందనే అల్మారీ, అల్మారీలో నీలి మూతలు.

కొత్త అధికారులు మద్రాసు నుంచి, బొంబాయి నుంచి దిగారు. మద్యనిషేధం మాటలు వినీ వినీ నాలుక ఎండిపోయి వచ్చినవాళ్ళు వారిలో చాలామంది. అలా ఒక పెద్ద అధికారి, ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని షాపుకు వచ్చాడు. మా ప్రాంతం మనిషే. రెండేళ్ళు లండన్‌లో చదివాడు. ఆ సంగతి అడగకుండానే చెప్పాడు.

"ఇంట్లో డైలీ యూజ్‌కి మంచి ఫ్రెంచ్ రెడ్ కావాలి. చీప్‌గా ఉండాలి, కానీ చీప్‌గా కనిపించకూడదు," అన్నాడు.

మూడు రకాలూ పోసి ఇచ్చాను. అదే సమయంలో ఖాకీ కోటు వేసుకున్న ఒక ముసలాయన, బిస్కట్ల డబ్బా కోసం వచ్చి, కౌంటర్ పక్కన నిలబడి ఉన్నాడు. నేరేడ్‌మెట్‌లో ఉంటాడు. మొదటి యుద్ధంలో ఫ్రాన్సులో కంచరగాడిదల బళ్ళు తోలాడని విన్నాను.

అధికారి నీలి మూత గ్లాసు గుండ్రంగా తిప్పాడు, వాసన చూశాడు, చప్పరించాడు. ఆయన ముఖం ఒక్క క్షణం ముడుచుకుంది. వెంటనే సర్దుకుంది.

"ఇదీ! ఇది కొండవాలులో పండిన ద్రాక్ష. ఆ పదును చూశారా? లైవ్లీ!"

"వెరీ లైవ్లీ," అన్నాడు ఒక స్నేహితుడు, కళ్ళు తుడుచుకుంటూ.

నాకు మనసొప్పలేదు. "సార్, అది పులిసిపోయింది. పచ్చమూతది చూడండి," అన్నాను.

"నువ్వు తాగుతావా?"

"లేదు సార్."

ముగ్గురూ గొల్లున నవ్వారు. నవ్వుతూనే అధికారి ముసలాయన వైపు తిరిగాడు. "ఏం తాతా, నువ్వు చెప్పు. ఏది బాగుంది?"

ముసలాయన ఆ పరిహాసాన్ని పట్టించుకోలేదు. నీలి మూతది నోట్లో పోసుకుని, తొట్టిలో ఉమ్మేశాడు. "సిర్కా సాబ్ ఇది, వెనిగర్. ఉల్లిగడ్డలల్ల పోసుకోవాలె." తరవాత పచ్చది తాగాడు. ఉమ్మలేదు. గ్లాసు కింద పెట్టకుండా చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

"గిదే," అన్నాడు చివరికి. "ఫ్రాన్స్‌ల మేమున్న ఊర్లె ఒక ముసలామె ఉండె. కొడుకు లడాయిల పోయిండు. మేం గాడిదలకు నీళ్ళు పెట్టొస్తుంటే పిలిచి, రొట్టె, గిదే ఇచ్చేది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ముప్పై ఏండ్లాయె."

సేటు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాడు.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "చూశారా? గాడిదలు తోలేవాళ్ళు తాగేది ఆ పచ్చది. నా అంచనా కరెక్టే," అని, ఇంట్లో పార్టీ ఉందంటూ నీలి మూత సీసాలన్నీ కారులో పెట్టించుకున్నాడు. సేటు తలుపు దాకా వెళ్ళి సాగనంపాడు.

పది రోజులకు ఆ అధికారి వంటవాడు షాపుకు వచ్చాడు. చిలకలగూడ మనిషి, మాటకారి. పార్టీ ఎలా జరిగిందని అడిగాను.

"ఏం చెప్పాలె సార్! ఒక్కొక్కరు గుక్క తాగుడు, మొహం తిప్పుకునుడు, మళ్ళ ఇటు తిరిగి వాహ్వా అనుడు. ఒక మేడమ్ అయితే పూలకుండీల పోసింది. ఆ మొక్క ఎండిపాయె. మిగిలింది నేను ఉల్లిగడ్డల మీద పోసిన. గది మాత్రం అందరు రెండుసార్లు అడిగి తిన్నరు."

"మరి ఇప్పుడు దేనికొచ్చావు?"

"ఇంకా తెమ్మన్నరు. సాబ్ దోస్తులు నలుగురు గదే కావాలంటున్నరు."

నీలిమూత సీసా ఒక్కటీ లేదు. సేటు నా వైపు చూశాడు. "పచ్చ సీసాల మూతలు తీసి ఎండల పెడితే పులిసి నీలమైతయా?" అని మెల్లగా అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. ఆ పని చేస్తే ఉద్యోగం మానేస్తానన్నాను. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. సేటు కాసేపు గొణిగి, వంటవాడికి ఉత్త సిర్కా సీసాలు రెండు అమ్మి పంపాడు. అవి బాగా లేవని ఫిర్యాదు రాలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సైకిలెక్కి, రెండు పచ్చ సీసాలతో నేరేడ్‌మెట్ వెళ్ళాను. ముసలాయన జొన్నరొట్టె, మాంసం కూర పెట్టాడు. వైను పోశాడు. ఉమ్మడానికి తొట్టి కోసం అటూ ఇటూ చూశాను. ఆయన నా ముఖంలోకి చూసి నవ్వాడు.

"గా ముసలామె ఇంట్ల సుత తొట్టి లేకుండె, బిడ్డా."

మింగాను.

ఇంటికి వెళ్ళి మా ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పాను. రెండు రోజులు ఆమె కాపీ పుస్తకాల్లోంచి తల ఎత్తలేదు. మూడోరోజు అన్నం వడ్డిస్తూ, "ఆ పెద్దాయనకి ఇంట్లో వండిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. లేరన్నాను. "అయితే ఒకసారి భోజనానికి పిలవండి," అంది. పిలిచాను. వచ్చాడు. కోటు గుండీలన్నీ పెట్టుకుని, జేబులో తన సీసా తనే తెచ్చుకున్నాడు. మా ఆవిడ దాన్ని తీసుకుని, మూడు గ్లాసులు తెచ్చి పెట్టింది.